పత్తికట్టె, బుడ్డల పొట్టు, పిడక: ఏ పొయ్యి కొనాలి?

పత్తి ఏరుడు ముగిసి కట్టె పీకే రోజులొస్తే ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల్లో ప్రతి దొడ్లోనూ వాములు లేస్తాయి. పత్తికట్టె, కందికట్టె, జొన్న దంట్లు, బుడ్డల పొట్టు, కంపచెట్ల కట్టె, పిడకలు - ఏ కాలంలో ఏది చేతికందితే అది పొయ్యిలోకి పోతుంది. మన పశ్చిమ కర్నూలు పల్లెల్లో పొయ్యి ఎప్పుడూ ఒకే రకం వంటచెరకును నమ్ముకొని బతకలేదు. ఇప్పుడు ఊళ్లలోకి కొత్త రకం ఇనప పొయ్యిలు వస్తున్నాయి. ఏం వేసినా కాలుతుంది, పొగ రాదు, కట్టె సగమే పడుతుంది అని అమ్మేవాళ్లు చెబుతున్నారు. వీటిలో ఏది కొనాలి, అసలు కొనాలా వద్దా అని రైతులూ కూలీలూ అడుగుతున్నారు. అడిగేది ఎక్కువగా మగవాళ్లే, డబ్బు వాళ్ల చేతిలో ఉంది గనక. పొయ్యి ముందు కూర్చునేది మాత్రం ఆడవాళ్లు. ఈ సంగతి మనసులో పెట్టుకొనే మేము ఈ వారం పొయ్యిల విషయం కొంచెం వివరంగా రాస్తున్నాం.

ముందు పొగ సంగతి. పొగ అంటే కాలకుండా తప్పించుకుపోయిన వంటచెరకు. కట్టెకు వేడి తగిలినప్పుడు అందులోనుంచి మండే ఆవిర్లు లేస్తాయి. ఆ ఆవిర్లకు చాలినంత వేడి, చాలినంత గాలి, రెండూ కలవడానికి కొంత జాగా, కొంత సమయం దొరికితే అవి మంటగా మారతాయి. దొరక్కపోతే పొగై దూలాలకూ, బోకుల అడుగుకూ, ఆడవాళ్ల ఊపిరితిత్తులకూ అంటుకుంటాయి. మూడు రాళ్ల పొయ్యిలో మంట చుట్టూ ఉన్న చల్లగాలి వేడిని లాక్కుపోతుంది. కట్టెలో ఉన్న వేడి నూరు పాళ్లయితే బోకుకు చేరేది ఇంచుమించు పది పాళ్లు. మిగిలినదంతా గాలిపాలు. కాబట్టి పొగ తగ్గించడమూ కట్టె ఆదా చేయడమూ రెండు వేర్వేరు పనులని అనుకోకూడదు. చాలా వరకు ఒకటే పని.

ఈ పొగ ఎంత కీడు చేస్తుందో మన రాష్ట్రంలోనే కొలిచి చూశారు. చెన్నైలోని శ్రీ రామచంద్ర వైద్య కళాశాల శాస్త్రజ్ఞులు అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో మూడు జిల్లాల పల్లెల్లో 420 ఇళ్లు తిరిగి, వంటిళ్లలో గాలిలో తేలే సన్నని ధూళిని కొలిచారు. ఆ ఫలితాలు 2004లో అచ్చయ్యాయి. గ్యాసు వాడే ఇళ్లలో 24 గంటల సగటు ఘనపు మీటరుకు 73 మైక్రోగ్రాములు. కట్టె, పిడక వాడే ఇళ్లలో 732. పిడక వాడే ఇళ్లు అన్నిటికన్నా అధ్వాన్నం, తర్వాత కట్టె, తర్వాత కిరసనాయిలు. ఇళ్లలోని వంటపొగ వల్ల ఒక్క 2020 సంవత్సరంలోనే ప్రపంచమంతటా 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క కట్టింది. చనిపోయిన వాళ్లలో ఐదేళ్లు నిండని పిల్లలు 2 లక్షలకు పైగా ఉన్నారు. పొయ్యి ఊదే తల్లి చంకలో బిడ్డ ఉంటుంది గదా.

పొగలేని పొయ్యి అనే మాట కొత్తదేమీ కాదు. 1947లో వార్ధాలోని మగన్‌వాడిలో గ్రామ పరిశ్రమల వాళ్లు మగన్ చూల్హా తయారు చేశారు. మన హైదరాబాదులో ఇంజనీరింగ్ పరిశోధనాశాలను నడిపిన ఎస్.పి. రాజు గారు పొగగొట్టం ఉన్న మట్టి పొయ్యిని రూపొందించి, పొగలేని వంటిళ్లు లక్షల మందికి ఎట్లా అందుతాయో 1953లో పుస్తకం వేశారు. ఆ పుస్తకం దేశ విదేశాల్లో పొయ్యిల మీద పని చేసేవాళ్లంతా ఇప్పటికీ చెప్పుకుంటారు. మన పల్లెల్లో మాత్రం ఆయన పేరు తెలిసినవాళ్లు తక్కువ. తర్వాత బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో 1974లో మొదలైన ఆస్త్ర విభాగం మూడు బోకులు పట్టే ఆస్త్ర ఒలెను తెచ్చింది. ఒలె అంటే కన్నడంలో పొయ్యి అని ఆదోని వాళ్లకు మేము చెప్పనక్కర్లేదు.

1983 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం జాతీయ స్థాయిలో మెరుగైన పొయ్యిల కార్యక్రమం పెట్టింది. 2002లో దాన్ని నిలిపేసి రాష్ట్రాల మీద వదిలేసేనాటికి కాగితాల మీద 3 కోట్లకు పైగా పొయ్యిలు లెక్క తేలాయి. వాటిలో ఎన్ని ఏ వంటింట్లో నిలిచాయని అడిగితే సమాధానం వేరు. లక్ష్యం పైనుంచి వచ్చింది, సబ్సిడీ మధ్యలో పంచుకున్నారు, కట్టిన మనిషి మళ్లీ ఆ ఊరి మొగం చూడలేదు. పొగగొట్టంలో మసి పేరుకుంటే తీసేవాడు లేడు. కొంతకాలానికి ఇల్లాలు గొట్టాన్ని పీకి పారేసి పాత పొయ్యి వెలిగించుకుంది. ఒడిశాలో 44 గ్రామాల్లో ఇటువంటి మట్టి పొయ్యిలనే నాలుగేళ్లపాటు పరిశీలించిన ఆర్థికవేత్తలు 2012లో అదే మాట చెప్పారు: మొదటి ఏడాది పొగ పీల్చడం తగ్గింది, తర్వాత ఏళ్లలో తేడా మాయమైంది, ఎందుకంటే పొయ్యిలు పగిలిపోయాయి, బాగు చేసుకోలేదు, వాడలేదు. అదే కాలంలో చైనాలో 1982 నుంచి పదేళ్లలో 12 కోట్లకు పైగా పొయ్యిలు పెట్టారు. అక్కడ పొయ్యికయ్యే ఖర్చులో పెద్ద భాగం రైతు కుటుంబమే పెట్టుకుంది, సర్కారు డబ్బు ఎక్కువగా శిక్షణకూ, తయారీకీ, తనిఖీకీ పోయింది. ఊరికే ఇచ్చిన పొయ్యి కన్నా ఊళ్లోనే బాగు చేయించుకోగల పొయ్యి ఎక్కువ కాలం బతికిందన్నమాట.

ఇప్పుడు దొరికే రకాలు

బజారులో పేర్లెన్ని ఉన్నా లోపలి పని చూస్తే ముఖ్యంగా రెండు రకాలు. మొదటిది రాకెట్ పొయ్యి. అమెరికాలో ఒక ఇంజనీరు 1982లో ఈ పద్ధతి కనిపెట్టాడు. మోచేయి వంచినట్టు లోపల ఒక గొట్టం ఉంటుంది. పక్కనుంచి కట్టె దూర్చాలి, మంట నిలువుగా పైకి లాగుతుంది. కట్టె కింద చిన్న మెట్టు ఉండి దాని కిందినుంచి గాలి పోతుంది. కట్టె కొస మాత్రమే కాలాలి, కాలిన కొద్దీ ముందుకు తొయ్యాలి. గొంతు నిండా కట్టె కూరితే గాలి మూసుకుపోయి ఇదీ మూడు రాళ్ల పొయ్యి మాదిరే పొగ చిమ్ముతుంది. పొగ లేదని కొన్నాం, పొగ వస్తాండాది అని చెప్పే ఇళ్లలో సగం తప్పు ఈ కూరడంలోనే ఉంటుంది.

రెండోది గ్యాసిఫయర్ పొయ్యి. డబ్బాలో కట్టెముక్కలు నింపి పైనుంచి అంటించాలి. మంట పైన, నిప్పు మెల్లగా కిందికి దిగుతుంది. కింద పుట్టిన ఆవిర్లు పైన రంధ్రాల గాలి తగిలి నీలంగా మండుతాయి. కొన్నిటికి చిన్న ఫ్యాను, బ్యాటరీ ఉంటాయి. ఫ్యాను ఉన్నది చాలా శుభ్రంగా మండుతుంది. కానీ మధ్యలో కట్టె వేసే వీలు తక్కువ. ముక్కలు జానెడు కన్నా పొడుగుంటే పట్టవు. ఫ్యాను ఆగితే పొగ ముంచెత్తుతుంది. ఫ్యాను చెడితే ఆదోనిలో బాగు చేసేవాడు ఉన్నాడా అని ముందే విచారించుకోవాలి.

భారతీయ ప్రమాణాల సంస్థ ఈ పొయ్యిలకు 13152 నంబరు ప్రమాణం పెట్టింది. 1991లో వచ్చినదాన్ని 2013లో సవరించారు. ఫ్యాను లేని పొయ్యి కట్టెలోని వేడిలో కనీసం 25 శాతం బోకుకు అందించాలి, ఫ్యాను ఉన్నదైతే 35 శాతం. వంటకు అందిన ప్రతి మెగాజౌలు వేడికి, అంటే ఇంచుమించు మూడు లీటర్ల నీళ్లు మరిగించే వేడికి, ఫ్యాను లేనిది 350 మిల్లీగ్రాములు, ఫ్యాను ఉన్నది 150 మిల్లీగ్రాముల కన్నా ఎక్కువ ధూళి వదలకూడదు. విషవాయువు కార్బన్ మోనాక్సైడ్ రెండిటికీ 5 గ్రాముల లోపు ఉండాలి. ఐఎస్ఐ ముద్ర ఉందో లేదో చూడటం అందుకే అవసరం.

అయితే ఆ ముద్ర చెప్పని సంగతి ఒకటుంది. కట్టె పొయ్యిలను పరీక్షించేది సమంగా కోసిన, బాగా ఎండిన కట్టెముక్కలతో. బుడ్డల పొట్టుతో కాదు, పిడకతో కాదు, తడి ఆరని పత్తికట్టెతో అంతకన్నా కాదు. అన్నీ కాలుతాయి అని డబ్బా మీద రాసి ఉంటే, కాలడం నిజమే కావచ్చు. పరీక్షలో వచ్చిన అంకెలు మన దొడ్లోని చెత్తకు వర్తిస్తాయని మాత్రం ఎవరూ హామీ ఇవ్వలేదు. అమ్మేవాడు ఊళ్లోకి వచ్చినప్పుడు అతను తెచ్చిన కట్టెతో వెలిగించి చూపితే చాలదు. ఇదిగో మా పత్తికట్టె, ఇదిగో మా పొట్టు, దీంతో సంగటి గెలికి చూపించప్పా అనాలి. చేసి చూపాక డబ్బు తీయాలి.

ఏ చెరకుకు ఏ పొయ్యి

పత్తికట్టె మంచి వంటచెరకు. బరువుకు బరువు తూస్తే ఎండిన పత్తికట్టె వేడి మామూలు కట్టె వేడికి ఏమీ తీసిపోదు. సన్నగా, నిలువుగా ఉంటుంది గనక రాకెట్ పొయ్యికి అతికినట్టు సరిపోతుంది. మూరెడు ముక్కలు విరిచి మూడో నాలుగో దూరిస్తే చాలు. కందికట్టె కూడా అంతే. గ్యాసిఫయర్‌కైతే ఇదే కట్టెను జానెడు కన్నా చిన్నవిగా నరకాలి. రోజూ ఈ నరికే పని ఎవరు చేస్తారు? కంపెనీ కాగితంలో కట్టె ఆదా లెక్క ఉంటుంది గానీ ఈ నరికే గంట లెక్క ఉండదు. పొలంలో కూలికి పోయి వచ్చిన ఆడమనిషి మీద ఇంకొక గంట పని పడితే ఆ పొయ్యి నెలలోపే అటకెక్కుతుంది.

బుడ్డల పొట్టు సంగతి వేరు. రాకెట్ పొయ్యిలో పోస్తే గాలి మూసుకుపోతుంది. పొట్టుకు పొట్టు పొయ్యే కావాలి. పాతకాలపు రంపపు పొట్టు పొయ్యి చాలామంది చూసి ఉంటారు: డబ్బా మధ్యలో సీసానో కర్రనో నిలబెట్టి చుట్టూ పొట్టు దట్టించి, కర్ర మెల్లగా లాగేస్తే మధ్యలో నిలువు రంధ్రం మిగులుతుంది, ఆ రంధ్రం వెంట మంట లేస్తుంది. బుడ్డల పొట్టు గుల్లగా ఉంటుంది గనక దంచి దట్టిస్తేనే నిలుస్తుంది. కాలువ కింద వరి పండించే ఊళ్లలో ఊకకూ ఇదే పద్ధతి. ఇట్లాంటి పొయ్యి ఊరి కమ్మరి గానీ, టౌనులో రేకుల పని చేసేవాళ్లు గానీ చేసివ్వగలరు. స్నానాల నీళ్లు కాచేకి, దాణా ఉడికించేకి ఇది బాగా పనికొస్తుంది. వేగంగా పెంచి తగ్గించే మంట కావాలంటే కుదరదు.

పిడక గురించి మేము చెప్పేది ఒక్క మాట. పొయ్యి ఏదైనా పిడక పొగే అన్నిటికన్నా చెడ్డది, పైగా అది పొలానికి పోవలసిన ఎరువు. నాలుగైదు పశువులు, నీటి వసతి ఉన్న ఇంటికి గోబర్ గ్యాసు మేలు. కానీ మన ప్రాంతంలో ఎండాకాలంలో మనుషులకే నీళ్లు చాలని ఊళ్లున్నాయి, అక్కడ ఆ మాట ఎత్తడం కూడా అనవసరం.

కంపచెట్టు ఉంది గదా అంటారు. సర్కారు తుమ్మను 1870లలో తెల్లదొరల అటవీశాఖ తెచ్చి పెట్టింది మన సీమలోనే, కడప జిల్లా కమలాపురంలో. ఇప్పుడది చెరువులూ బీళ్లూ కమ్ముకుంది. కొట్టిన కొద్దీ చిగురిస్తుంది, బొగ్గు గట్టిగా వస్తుంది. భూమి లేనివాడికి అదే దిక్కు. ముళ్లకు జాగ్రత్తపడితే ఏ రకం పొయ్యికైనా మంచి చెరకే. పచ్చిది మాత్రం వేయకండి. పచ్చి కట్టె బరువులో సగం దాకా నీళ్లే. ఆ నీళ్లు ఆవిరి కావడానికే మంట ఖర్చవుతుంది, ఆ చల్లదనమే పొగ పుట్టిస్తుంది. రెండు నెలలు ఎండలో ఆరబెట్టిన కట్టె పాత పొయ్యిలో కూడా తక్కువ పొగ ఇస్తుంది. పైసా ఖర్చు లేని మార్పు ఇది.

ఇంకొకటి. అన్నీ కాల్చే పొయ్యి అన్నారని పాలిథీన్ సంచులు, టైరు ముక్కలు, పురుగుమందు డబ్బాలు అంటించేకి వాడేవాళ్లున్నారు. అవి విషం. ఏ పొయ్యీ వాటిని శుభ్రం చేయలేదు.

రొట్టె, సంగటి చూసి కొనాలి

పట్నాల్లో పొయ్యి తయారుచేసేవాళ్లు నీళ్లు మరిగించి పరీక్ష చేస్తారు. మనం నీళ్లు తాగి బతకం గదా. మన ఇంట జొన్నరొట్టె కాలాలి, సంగటి గెలకాలి. రొట్టెకు పెనం అంతటా వెడల్పుగా మంట తగలాలి. సన్నని గొంతున్న పొయ్యి మీద పెనం నడుమ మాడిపోతుంది, అంచులు పచ్చిగా మిగులుతాయి. పెనం మీంచి తీసి నిప్పుల మీద పొంగించే అలవాటున్న ఇళ్లకు గ్యాసిఫయర్ అసలు నచ్చదు, నిప్పులు డబ్బా అడుగున ఉంటాయి గనక. సంగటికి ఇంకొక చిక్కు. తెడ్డుతో రెండు చేతులా బలంగా గెలికితే తేలికపాటి రేకు పొయ్యి బోకుతో సహా తిరగబడుతుంది. కాళ్లు వెడల్పుగా ఉన్నాయా, బోకు కదలకుండా పట్టే అంచులున్నాయా, మీ ఇంట్లో పెద్ద బోకు దాని మీద కూర్చుంటుందా అని చూడాలి. పక్కన ఆడుకునే పిల్లల చెయ్యి పడితే కాలకుండా బయటి రేకుకూ లోపలి గొట్టానికీ మధ్య జాగా ఉందో లేదో చూడాలి. లోపల ముందుగా తుప్పు పట్టి పోయేది చువ్వల జల్లెడ. అది విడిగా ఊడివచ్చి, మన కమ్మరి మళ్లీ చేసిపెట్టగలిగితే ఆ పొయ్యి నాలుగేళ్లు నడుస్తుంది. అతికించేసి ఉంటే ఒకటిన్నర ఏడాదికే పాత ఇనప సామాన్లవాడికి పోతుంది.

సుగ్గికి పోయే కుటుంబాల సంగతి ఎవరూ ఆలోచించరు. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు వైపునుంచి ఏటా ఊళ్లకు ఊళ్లు గుంటూరు వైపు మిరపకాయలు కోసేకి, పత్తి ఏరేకి తరలిపోతాయి. బెంగుళూరుకు కట్టడాల పనికి పోయేవాళ్లు వేరే. వీళ్లు నెలల తరబడి పట్టల గుడిసెల్లో ఉంటారు. ఇంటి గ్యాసు బండ ఇంట్లోనే ఉంటుంది, మట్టి పొయ్యి మోసుకుపోలేరు. గాలికి అల్లాడే మూడు రాళ్ల పొయ్యి పక్కన ప్లాస్టిక్ పట్టల ఇల్లు. ఎంత ప్రమాదమో చెప్పనక్కర్లేదు. ఐదారు కిలోల బరువుండే రాకెట్ పొయ్యి నిజంగా పనికొచ్చేది ఈ కుటుంబాలకే. గుంటూరు సీమలో మిరపకట్టె దొరుకుతుంది, ఇక్కడ పత్తికట్టె, ఏదైనా అందులో పోతుంది. నిజంగా పలు చెరకుల పొయ్యి కావలసింది వీళ్లకు. చిత్రమేమంటే సబ్సిడీ జాబితాలు రాసే రోజుల్లో వీళ్లు ఊళ్లో ఉండరు.

కట్టె ఎవరిది?

ఈ ప్రశ్న వేయకుండా పొయ్యి మాట్లాడటం కుదరదు. వానల మీద ఆధారపడిన ఎకరం పత్తిలో, పంట బాగా ఉన్న ఏడాది, ఎనిమిది పది క్వింటాళ్ల దాకా ఎండు కట్టె వస్తుంది. ఐదుగురున్న ఇంట్లో పాత పొయ్యి రోజుకు ఐదారు కిలోలు తింటుంది, ఏడాదికి ఇరవై క్వింటాళ్లు. పొయ్యి మెరుగుపడి అది సగానికి తగ్గితే ఒక ఎకరం కట్టెతో ఏడాది గడుస్తుంది. రెండు మూడెకరాల రైతుకు కట్టె సమస్య తీరినట్టే. భూమి లేని కూలీకి? ఇన్నాళ్లూ రైతు పొలంలో కట్టె పీకిపెట్టి ఆ కట్టెనే ఇంటికి మోసుకుపోయేవాళ్లు. ఇప్పుడు ట్రాక్టరుకు యంత్రం తగిలించి కట్టెను పొలంలోనే ముక్కలు చేసి దున్నేస్తున్నారు. భూమికి మంచిదే, కాదనం. కానీ కూలీ ఇంటి పొయ్యిలో కట్టె దానితో పోయింది. ఈ లెక్క వ్యవసాయశాఖ ఏ పుస్తకంలోనూ రాయదు.

పొట్టు కూడా ఊరికే దొరికే రోజులు పోయాయి. మిల్లుల బాయిలర్లకూ, ఇటుకల మాదిరి వంటచెరకు చేసే కార్ఖానాలకూ కొంటున్నారు. దీనికి సంబంధించి మన పొరుగునే జరిగిన ఒక కథ తెలుసుకోదగింది. బ్రిటిష్ చమురు కంపెనీ బీపీ, బెంగుళూరు విజ్ఞాన సంస్థ శాస్త్రజ్ఞుల సాయంతో ఫ్యాను ఉన్న ఊర్జా అనే పొయ్యిని తయారుచేసి 2006 నుంచి అమ్మింది. మహారాష్ట్ర, కర్ణాటక పల్లెల్లో దాదాపు 4 లక్షల పొయ్యిలు అమ్ముడుపోయాయి. పొయ్యి మంచిదే. అయితే అది పొలం చెత్తతో కంపెనీ చేసిన గుళికలతోనే నడవాలి. 2009లో బీపీ తప్పుకొని వేరే కంపెనీ చేతికిచ్చింది. అదే పొలం చెత్తను కార్ఖానాల బాయిలర్లు కూడా కొనడంతో ముడిసరుకు ధర పెరిగింది, గుళికల ధర పెరిగింది. ఇళ్లవాళ్లు కొనలేకపోయారు, పొయ్యిలు మూలపడ్డాయి. కంపెనీ హోటళ్లకు అమ్ముకోవడం మొదలుపెట్టింది. మన చేలోనుంచి పోయిన చెత్త గుళికై తిరిగొచ్చేసరికి మనకు అందని ధరైంది. గుళికలతో మాత్రమే నడిచే పొయ్యిని ఎవరైనా చౌకగా ఇస్తామంటే, గుళికలు రేపెవరు ఏ ధరకు ఇస్తారని అడగండి.

ఊరికే, లేదా నామమాత్రం ధరకు పొయ్యిలిచ్చే సంస్థల గురించి కూడా ఒక మాట. ఆధారు కార్డు నకలు, సంతకం తీసుకుంటారు. చాలాచోట్ల ఆ సంతకం, పొయ్యి వాడటం వల్ల తగ్గిన పొగ మీది హక్కును వాళ్లకు రాసిచ్చే కాగితం మీదిది. ఆ హక్కును కార్బన్ క్రెడిట్లుగా విదేశీ కంపెనీలకు అమ్ముకుంటారు. పొగ కూడా సరుకైందన్నమాట. అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2024లో ఈ పొయ్యిల క్రెడిట్లను లెక్కచూస్తే, నిజంగా తగ్గిన దానికి సుమారు తొమ్మిది రెట్లు ఎక్కువ చూపించారని తేలింది. పొయ్యి తీసుకోవద్దని మేము చెప్పడం లేదు. ఏ కాగితం మీద వేలు పెడుతున్నామో చదివించుకొని, పాడైతే ఎవరు బాగు చేస్తారో రాయించుకొని తీసుకోండి.

గ్యాసు ఉండగా ఈ గొడవంతా ఎందుకని అడిగేవాళ్లకు: నిజమే, ఊపిరితిత్తులకు గ్యాసే మేలు, ఏ కట్టె పొయ్యీ దానికి సాటి రాదు. రాష్ట్రంలో 1999లో దీపం పథకం, దేశంలో 2016 మేలో ఉజ్జ్వల వచ్చాయి. బండ చాలా ఇళ్లకు చేరింది. 2024 దీపావళినుంచి రాష్ట్ర ప్రభుత్వం ఏడాదికి మూడు బండలు ఉచితమంది. ముందు డబ్బు కట్టి తెచ్చుకుంటే తర్వాత ఖాతాలో పడే పద్ధతితో మొదలైంది. ఆ ముందు కట్టే డబ్బే కూలీకి కొండ. మూడు పోగా మిగతా నెలల సంగతేమిటి? ఒక లెక్క చూడండి. 14.2 కిలోల బండ ఇచ్చే వంటవేడికి పాత పొయ్యిలో ఇంచుమించు 250 కిలోల కట్టె కావాలి. 25 శాతం పొయ్యికి 100 కిలోలు, 35 శాతం దానికి 70 కిలోలు. కట్టె ఊరికే వచ్చే ఇంట్లో బండ చేతికి రావడం కష్టమే. కట్టె కొనుక్కునే ఇంట్లో మాత్రం పాత పొయ్యే అన్నిటికన్నా ఖరీదైన పొయ్యి.

ఎమ్మిగనూరు మగ్గం ఇళ్లు ఈ రెండో రకం. నేతపనివాళ్లకు చేను లేదు, కట్టె లేదు. వంటతోపాటు పడుగుకు పెట్టే గంజి కూడా కాచుకోవాలి. మగ్గమూ పొయ్యీ ఒకే కప్పు కిందుంటే నూలు మీద మసి పడుతుంది. మాచాని సోమప్ప 1938లో నిలబెట్టిన చేనేత సహకార సంఘం పుట్టిన ఊరది. నూలు కలిసి కొనడం తెలిసినవాళ్లకు బండలూ పొయ్యిలూ కలిసి కొనడం ఎంత పని? పదిమంది కలిసి బేరమాడితే ధర తగ్గుతుంది, బాగు చేసే మనిషిని పిలిపించడమూ తేలిక. ఇరుకింట్లో వంట గ్యాసు మీద, గంజి, నీళ్లు బయట రాకెట్ పొయ్యి మీద పెట్టుకోవడం మాకు సరైన దారిగా తోస్తోంది. రైతు ఇళ్లకు కూడా మా సలహా ఇంచుమించు ఇదే: బండ వచ్చినన్నాళ్లు గదిలో వంట దాని మీద, స్నానాల నీళ్లు, సంగటి బయట గాలి తగిలే చోట. మెరుగైన పొయ్యి కొన్నా దాన్ని తలుపు మూసిన గదిలో పెట్టకండి. ఐఎస్ఐ ముద్ర ఉన్న పొయ్యి కూడా కిటికీ లేని గదిని ఒక పూటలో పొగతో నింపగలదు.

చివరగా వామి గురించి, పత్తి రైతు మరవకూడనిది. కట్టెలో మిగిలిపోయిన గుడ్డికాయల్లో గులాబీ రంగు పురుగు నిద్రాణంగా దాక్కుంటుంది. బీటీ పత్తిని కూడా తట్టుకున్న పురుగిది. ఇంటి పక్కన పేర్చిన వామిలోనుంచే తొలకరి తర్వాత రెక్కల పురుగులై లేచి కొత్త పంట మీద వాలతాయి. అందుకే వ్యవసాయశాఖ కట్టెను పేర్చవద్దంటుంది. వంటకు ఆధారమైన కట్టెను తగలబెట్టమంటే పేదవాడు వినడు, వినాల్సిన పనీ లేదు. ఏరుడు కాగానే గొర్రెలను, మేకలను చేలోకి తోలితే ఆకూ కాయా మేసేస్తాయి. మిగిలిన గుడ్డికాయలను దులిపి అక్కడే కాల్చేసి, వట్టి కట్టెను మాత్రమే ఇంటికి తేవాలి. మొండెంగా పేర్చకుండా మూరెడు ముక్కలుగా విరిచి ఎండబోస్తే పొయ్యికీ సిద్ధంగా ఉంటుంది, లోపల పురుగూ ఎండకు చస్తుంది. పత్తికట్టెను ముందుగా పొయ్యికి పెట్టి, కందికట్టెనూ కంపకట్టెనూ వానాకాలానికి దాచుకోవాలి. జూన్ వానలు పడేలోగా పత్తికట్టె వామి ఖాళీ కావాలి.